రిపేరు తర్వాత వచ్చిన రిపేరు



రెండు ఆదివారాలుగా సంఘం బండి ఎందుకు రావడం లేదని చాలామంది అడిగారు. పక్క పల్లెల నుంచి ఆరాధనకు వచ్చే ముసలివాళ్లు అడిగారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న మన పిల్లలు ఫోన్ చేశారు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేస్తూ, ఆ బండి కొనడానికి నెలనెలా తమ జీతంలోంచి పంపిన అక్కలు కూడా అడిగారు. అడిగే హక్కు మీకుంది. చెప్పాల్సిన బాధ్యత మాకుంది. ఫోన్లో ఒకరికి ఒక ముక్క, ఇంకొకరికి ఇంకో ముక్క చెప్తే ఊరు దాటేసరికి అది వేరే కథ అయిపోతుంది. అందుకే జరిగింది జరిగినట్టు మేమిద్దరం కూర్చుని రాస్తున్నాం. కాస్త పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

బండి సంగతి మీకు తెలిసిందే. ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి. ఇప్పటికి 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. ఆదివారం పొద్దున రెండు ట్రిప్పులు వేసి, నడవలేనివాళ్లను గుడికి తెస్తుంది. మిగతా వారమంతా దాని పని ఆస్పత్రే. ముఖ్యంగా మన సంఘంలో ఒక పెద్దాయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. నంద్యాల వెళ్లాలి. గిద్దలూరు నుంచి నంద్యాలకు పోయే దారి నల్లమల ఘాట్ ఎక్కి దిగుతుంది. డయాలసిస్ ఉచితంగానే జరుగుతోంది గానీ, అక్కడిదాకా చేరడం, నాలుగు గంటలు మిషను మీద ఉన్న మనిషిని మళ్లీ ఇంటికి చేర్చడం ఎవరి చేతిలోనూ లేదు. వెళ్లేటప్పుడు బస్సు ఎక్కగలడు. వచ్చేటప్పుడు ఆయనకు ఒంట్లో సత్తువ ఉండదు. మనం ఈ బండి కొన్నదే ఇలాంటివాళ్ల కోసం.

కొంతకాలంగా బండి ఎక్కుడులో ఇంజను అరుస్తోంది గానీ ముందుకు లాగడం లేదు. క్లచ్ ప్లేటు అరిగినప్పుడు అలాగే అవుతుంది. ఇంజను తిరుగుడు పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. టౌన్లో మనం ఎప్పుడూ వెళ్లే షెడ్డుకే ఇచ్చాం. ఆ మెకానిక్ భాయ్ మనలో చాలామందికి తెలుసు. ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు అన్నీ ఆ షెడ్డులోనే బాగవుతాయి. క్లచ్ సెట్టు మార్చడం, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, గేర్ ఆయిలు, కూలి అన్నీ కలిపి రూ. 14,600 అయింది. రసీదు తీసుకున్నాం. బండి చేతికొచ్చింది. ప్లేటు కొత్తది కాబట్టి ఎక్కుడులో లాగుడు బాగా వచ్చింది.

ఆ సాయంత్రం గుడి ఆవరణలో బండిని వెనక్కి పెట్టబోతే రివర్సు గేరు కరకరమంది. రెండోసారి పడింది. మర్నాడు పొద్దున డయాలసిస్ రోజు. పెద్దాయనను, ఆయన భార్యను ఎక్కించుకుని బయల్దేరాం. బండి నడిపింది ఎప్పుడూ నడిపే మన కుర్రాడే. గిద్దలూరు దాకా ఏ ఇబ్బందీ లేదు. దిగువమెట్ట దాటి ఘాట్ మొదలయ్యాక, ఒక మలుపులో మూడో గేరు నుంచి రెండో గేరుకు దించబోతే గేరు పడలేదు. మళ్లీ నెట్టాడు. గర్రుమంది. బండి న్యూట్రల్‌లో, ఎక్కుడులో, వేగం పడిపోతూ ఉంది. వెనక సిమెంటు లారీ హారన్ కొడుతోంది. కుర్రాడు బ్రేకు గట్టిగా పట్టి క్లచ్ పెడల్‌ని మూడుసార్లు గబగబా తొక్కాడు. అప్పుడు గేరు పడింది. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. తలుపు మీది పిడిని పట్టుకున్న చేతిని ఘాట్ దిగేదాకా వదల్లేదు.

నంద్యాల చేరాం. డయాలసిస్ జరిగింది. తిరుగు ప్రయాణంలో ఆ దంపతులతో మేము బస్సెక్కాం. కుర్రాడు ఖాళీ బండిని నెమ్మదిగా తెచ్చి గుడి దగ్గర నిలిపాడు.

ఆ రాత్రికే ఊరంతా మాట పాకింది. ఇక్కడినుంచే అసలు విషయం మొదలవుతుంది.

ఒకరు, "కొత్త ప్లేటని చెప్పి పాతదే తిరగేసి వేసుంటాడు" అన్నారు. ఇంకొకరు, "గేరుబాక్సు దించినప్పుడు లోపలి మంచి సామాను తీసేసుకుని ఏదో పెట్టాడు" అన్నారు. పద్నాలుగు వేలు పోశాక ఇలా జరిగితే మనసు రగలడం సహజం. మాకూ రగిలింది. కానీ మాట అక్కడ ఆగలేదు. "ఆ షెడ్డుకు ఎవరూ పోవద్దు, వాడు మోసగాడు" అని ఫోటోతో సహా ఒక మెసేజ్ తయారు చేశారు. సంఘం గ్రూపులోనూ, చుట్టుపక్కల ఊళ్ల గ్రూపుల్లోనూ పెడదామని మాకు చూపించారు. అందులో ఆ మనిషి మతం గురించి కూడా ఒక మాట ఉంది. ఆ మాటకూ గేరుబాక్సుకూ ఏ సంబంధమూ లేదు.

మేము వద్దన్నాం. పంపాలనుకున్న తమ్ముళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆ పెద్దాయనను అన్నిసార్లు చేతుల మీద ఎత్తి బండిలో కూర్చోబెట్టింది వాళ్లే. భయపడ్డారు, ఆ భయం కోపమైంది. అయితే ఆ మెసేజ్ ఒకసారి వెళ్లాక వెనక్కి రాదు. ఆ షెడ్డులో ముగ్గురు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. మెకానిక్‌కు బోర్డు కంటే పేరే ఆస్తి. రెండు మండలాల్లో మోసగాడని మాట పడితే ఆ షెడ్డు నెల తిరక్కుండా మూతపడుతుంది. మరి ఆ మాట నిజమో కాదో ఆ రాత్రికి మనలో ఎవరికి తెలుసు? బండి షెడ్డుకెళ్లి వచ్చింది, తర్వాత గేరు పడలేదు. మనకు తెలిసింది అంతవరకే. పది ఆజ్ఞల్లో పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యానికి ఒక ఆజ్ఞే కేటాయించి ఉంది. నిజమో కాదో తెలియని మాటను నిజమన్నట్టు చెప్పడం కూడా ఆ గీతకు చాలా దగ్గర్లోనే ఉంటుంది.

అలాగని, "పోనీలే, పాత బండి, అలాగే ఉంటుంది" అని ఊరుకోవడమూ కుదరదు. మలుపులో గేరు పడని బండిలో ఒక రోగిని కూర్చోబెట్టి ఘాట్ ఎక్కించే హక్కు మాకు లేదు. కాబట్టి ముందు బండినే అడుగుదాం అనుకున్నాం.

మనలో చాలామందికి బండి నడపడం వచ్చు గానీ లోపల ఏం జరుగుతుందో తెలియదు. కొంచెం చెప్తాం, మీకూ పనికొస్తుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఒకసారి ఆగాలి, ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా తిరగాలి. ఆ రెండింటి మధ్య గేరుబాక్సు, దానికి ముందు క్లచ్ ప్లేటు ఉంటాయి. పెడల్ తొక్కితే ప్లేటు ఇంజను నుంచి విడిపోతుంది. ఆ విడిపోయిన క్షణంలో గేరు మార్చాలి. ప్లేటు పూర్తిగా విడవకపోతే గేరుబాక్సులోకి ఇంజను తిరుగుడు ఇంకా వస్తూనే ఉంటుంది. తిరిగే పళ్లలో ఆగిన పళ్లను దూర్చబోతే కరకరమంటుంది. ఇది ముందుగా రివర్సులో బయటపడుతుంది. ముందుకు పోయే గేర్లకు వేగాలను కలిపే రింగులుంటాయి. చాలా బండ్లలో రివర్సుకు ఆ రింగు ఉండదు.

మర్నాడు గుడి ఆవరణలో, చింతచెట్టు కింద, చదునైన నేల మీద బండి పెట్టి చూశాం. మొదట ఇంజను ఆపి గేర్లన్నీ వేయించాం. ఒకటి నుంచి ఐదు దాకా, రివర్సుతో సహా, అన్నీ మెత్తగా పడ్డాయి. తర్వాత ఇంజను ఆన్ చేసి, పెడల్ పూర్తిగా తొక్కి వేయించాం. మొదటి గేరు బిగుసుకుంది, రివర్సు కరకరమంది. పెడల్‌ని మూడుసార్లు గబగబా తొక్కి వేస్తే రెండూ పడ్డాయి. ఒక నిమిషం ఆగి మళ్లీ ఒకే తొక్కుడుతో ప్రయత్నిస్తే పడలేదు.

ఈ చిన్న పరీక్ష డబ్బు ఖర్చు లేకుండా చాలా చెప్తుంది. ఇంజను ఆపినా గేరు పడకపోతే తప్పు గేరు రాడ్డులోనో, కేబుల్లోనో, బాక్సు లోపలో ఉండొచ్చు. ఆపితే పడి, ఆన్ చేస్తే పడకపోతే, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. పెడల్ పదేపదే తొక్కితే పడుతోందంటే, మన బండిలాంటి ఆయిల్ క్లచ్‌లో పైపులోకి గాలి చేరిందని అనుమానించాలి. పెడల్ తొక్కిన బలాన్ని క్లచ్ దాకా మోసేది పైపులోని ద్రవం. ద్రవం నలగదు, బలమంతా అవతలికి చేరుస్తుంది. గాలి నలుగుతుంది, మన కాలి బలాన్ని తానే మింగేస్తుంది.

ప్లేటు పాతదని గానీ సామాను తీసేశారని గానీ చెప్పే గుర్తు ఒక్కటీ మాకు కనపడలేదు. ప్లేటు బాగా పట్టబట్టే కదా ఎక్కుడులో బండి లాగింది!

ఒకరి వల్ల నష్టం జరిగిందనిపిస్తే ముందు ఆ మనిషి దగ్గరికే, ఒంటరిగా వెళ్లాలని మనం సంఘంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. వెంట పదిమందిని తీసుకుపోలేదు. మేమిద్దరం, బండి నడిపే కుర్రాడు, అంతే. రసీదు, బండి పుస్తకం చేతిలో పెట్టుకుని వెళ్లాం.

భాయ్ ఒక ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు. ఊళ్లో మాట అప్పటికే ఆయన చెవిన పడిందని ముఖం చూస్తేనే తెలిసింది.

"అయ్యగారూ, ఈడ్నించి పోయేటప్పుడు బాగానే పోయింది గదా బండి" అన్నాడు, మేము నోరు తెరవకముందే.

"భాయ్, మేము నింద వేయడానికి రాలేదు. మాకు కనపడింది చెప్తాం, మీరే వినండి. ఇంజను ఆపితే గేర్లన్నీ పడుతున్నాయి. ఆన్‌లో రివర్సు పడటం లేదు. పెడల్ మూడుసార్లు కొడితే పడుతోంది. నిన్న పెద్దాయనను తీసుకుపోతుంటే ఘాట్లో రెండో గేరు పడక బండి ఆగిపోయినంత పనైంది."

ఆయన చివరి మాట దగ్గర ఆగాడు. "పేషెంటుతోనా?" అన్నాడు. తర్వాత, "మూడుసార్లు కొడితే పడుతోందా?" అని ఇంకోసారి అడిగి తానే వెళ్లి బండిలో కూర్చుని తొక్కి చూశాడు. దిగొచ్చి, "ఎయిర్ ఉంది" అన్నాడు.

బాక్సు దించినప్పుడు క్లచ్‌ని నెట్టే చిన్న సిలిండర్‌ని పక్కకు తీస్తారు. ఈసారి దాని పైపు కూడా విప్పారట. తిరిగి బిగించాక గాలి పూర్తిగా తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింద నిప్పల్ వదులు చేసి, బుడగలు రావడం ఆగేదాకా చేయాలి. పైన డబ్బాలో ద్రవం తగ్గకుండా పోస్తూ ఉండాలి, లేకపోతే మళ్లీ గాలే దూరుతుంది. షెడ్డు కుర్రాడొకడు పెడల్ దగ్గర, భాయ్ బండి కింద. ఇరవై నిమిషాలు పట్టింది. బుడగలు మా కళ్లతో చూశాం. ఆ తర్వాత ఒకే తొక్కుడుతో రివర్సు పడింది. డబ్బు అడగలేదు.

దాంతో కథ అయిపోయిందనుకున్నాం. అయిపోలేదు. మరుసటి రెండు రోజులు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మొదటి గేరు నుంచి రెండో గేరుకు మార్చేటప్పుడు బిగుతుగా ఉండి చిన్నగా కీచుమంటోంది. నాలుగైదు కిలోమీటర్లు నడిచి వేడెక్కాక కొంత నయం. ఇంజను ఆపి చూస్తే గేరు మామూలుగానే పడుతోంది. పెడల్ ఎన్నిసార్లు కొట్టినా తేడా లేదు. అంటే గాలి కాదు, ఇది ఇంకోటి.

బండితో వచ్చిన కంపెనీ పుస్తకం తెరిచాం. గేరుబాక్సులో పోయాల్సిన ఆయిలు, వెనక ఇరుసు హౌసింగ్‌లో పోయాల్సిన ఆయిలు వేరువేరుగా రాసి ఉన్నాయి. గేరుబాక్సుకు జీఎల్-4 రకం, హౌసింగ్‌కు జీఎల్-5 రకం. మన రసీదులో మాత్రం ఒకే వరుస: "గేర్ ఆయిల్, 4 లీ." రెండూ గేర్ ఆయిలే. చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే రకం గంధకం వాసన కొడతాయి. పని మాత్రం వేరు. వెనక ఇరుసులోని గేరు పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా నొక్కుకుంటూ జారతాయి, వాటికి జీఎల్-5లోని బలమైన మందులు కావాలి. గేరుబాక్సులో వేగాలను కలిపే రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. అవి ఒకదాన్నొకటి రుద్దుకుని పట్టుకుంటేనే గేరు సాఫీగా పడుతుంది. ఆయిలు మరీ జారుడుగా ఉంటే రింగుకు పట్టు దొరకదు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని మందులు కాలక్రమంలో ఆ ఇత్తడిని తినేస్తాయి కూడా. ఆయిలు చిక్కనైతే చలి పొద్దుల్లో గేరు మరింత బిగుస్తుంది.

పుస్తకం పట్టుకుని మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన మమ్మల్ని చూసి నవ్వలేదు. ఒకే బండి పట్టుకుని వారంలో రెండోసారి ఎవరైనా వస్తే ఏ పనివాడికైనా ముళ్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. మేము పేజీ చూపించి, "భాయ్, రెంటిలోనూ ఏది పోశారో ఒకసారి కనుక్కోండి" అన్నాం, అంతే.

షెడ్డులో చిన్న కుర్రాడిని పిలిచాడు. పదిహేడు పద్దెనిమిదేళ్లుంటాయి. వాడు నేల చూస్తూ, "హౌసింగ్‌లో పోసింది మిగిలింటే బాక్సులో పోసినా" అన్నాడు. భాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మాతో, "వాడు పిల్లోడు అయ్యగారూ. చూసుకోవాల్సింది నేను. ఆ రోజు రెండు బండ్లు తొందర పెట్టినారు" అన్నాడు.

అదే రోజు ఆయిలు దించాడు. దించేముందు పైన పోసే బోల్టు విప్పి చూశాడు. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన పద్ధతి. కింది బోల్టు ముందు విప్పి ఆయిలు ఖాళీ చేశాక పై బోల్టు తుప్పుపట్టి రాకపోతే, బండి కదలకుండా షెడ్డులోనే ఉండిపోతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంది. దానికి బూడిదరంగు మెత్తటి పేస్టులాంటిది పట్టుకుని ఉంది. అది మామూలు అరుగుదలే. ముక్కలు, పెచ్చులు ఉంటే భయపడాలి, అవి లేవు. పుస్తకంలో రాసిన ఆయిలు తెప్పించి, చదును నేల మీద, పై రంధ్రం అంచు దాకా పోసి, పొర్లగానే బోల్టు బిగించాడు. తక్కువ పోస్తే బేరింగులు కూస్తాయి, ఎక్కువ పోస్తే నురగకట్టి సీళ్ల నుంచి కారుతుంది. ఆయిలు డబ్బు ఆయనే పెట్టుకున్నాడు. మేము ఇవ్వబోతే తీసుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామున చలిలోనే బండి తీశాం. రెండో గేరు మెత్తగా పడింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది ఆయన పక్షాన సాక్ష్యం. మూడో గేరులో సన్నగా ఒక కూత వస్తోందని, అది కూడా షెడ్డు వల్లేనని ఇద్దరు ముగ్గురు అన్నారు. అది నిజం కాదు. ఆ కూత ఏడాదిగా ఉంది. షెడ్డుకు ఇచ్చే ముందు రోజు మన బండి నోటు పుస్తకంలో "మూడో గేరులో కూత, రివర్సు బాగుంది, 1,48,210 కి.మీ." అని మేము రాసిపెట్టుకున్నాం. బాక్సు దించినప్పుడే లోపలి బేరింగు కూడా చూద్దామని భాయ్ ఆ రోజే అడిగాడు. అప్పటికి సంఘం దగ్గర డబ్బు లేదు కాబట్టి పెద్దలంతా కలిసి పంటల తర్వాత చూద్దామనుకున్నారు. కాబట్టి ఆ కూత మన బాకీ, ఆయనది కాదు.

లెక్క ఇది. గాలి, ఆయిలు: ఈ రెండూ షెడ్డులో జరిగినవే, ఆయనే సరిచేశాడు. కూత: బండి వయసుది. మోసం: ఎక్కడా లేదు. బండి ఆగిన రోజుల్లో డయాలసిస్‌కు మూడుసార్లు అద్దె కారు పెట్టాం, దానికి రూ. 8,400 అయింది. ఆ రసీదులు గుడిలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఆ డబ్బు భాయ్‌ని అడగాలా అని పెద్దల మధ్య మాట వచ్చింది. అడగడం తప్పు కాదు. కానీ ఆయన రెండుసార్లు పని ఆపుకుని ఉచితంగా చేశాడు, సొంత డబ్బుతో ఆయిలు పోశాడు. పంటల తర్వాత బాక్సు దించి బేరింగు వేసేటప్పుడు కూలి తీసుకోనని తానే అన్నాడు. పెద్దలు దానికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు మా మనసులో మాట. "అయ్యగారూ, మీరు వాణ్ని క్షమించి ఊరుకున్నారు, అదే గొప్ప" అని ఒకరిద్దరు మెచ్చుకున్నారు. మేము ఊరుకోలేదు, ఆ మెప్పు మాది కాదు. ఊరుకుని ఉంటే ఆ చిన్న కుర్రాడు ఇంకా అదే డబ్బాలోంచి అన్ని బండ్ల బాక్సుల్లో పోస్తూ ఉండేవాడు. ఏ పల్లె ఆటోనో, ఏ పెళ్లి జీపో ఎక్కడో ఆగేది. కారణం ఎవరికీ తెలిసేది కాదు. మెసేజ్ పంపి ఉంటే భాయ్ తలుపేసుకుని తన పేరు కాపాడుకునే పనిలో పడేవాడు, బండి కిందికి దూరేవాడు కాదు. అరిచినా, ఊరుకున్నా ఆయన చేతిలోకి పనికొచ్చే మాట ఒక్కటీ వెళ్లదు. "మూడుసార్లు కొడితే పడుతోంది" అన్న మాట వెళ్లింది కాబట్టి ఆయన ఇరవై నిమిషాల్లో తప్పు పట్టుకున్నాడు. ఇప్పుడు షెడ్డులో రెండు డబ్బాల మీద పెయింటుతో "బాక్సు" అని, "హౌసింగ్" అని రాసి ఉంది. రాసింది ఆ చిన్న కుర్రాడే.

ఇళ్లల్లో కూడా మనం ఇలాగే చేస్తుంటాం. కోడలి మీద కోపం వస్తే పక్కింట్లో చెప్తాం. అన్నదమ్ముల మధ్య లెక్క తేడా వస్తే పదేళ్లు మాట్లాడం. ఎక్కడ నొప్పి కలిగిందో, ఎప్పుడు, ఎంత అన్నది ఆ మనిషికి మాత్రం చెప్పం. చెప్పకపోతే వాళ్లు దేన్ని సరిచేసుకుంటారు?

బండ్లున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం. షెడ్డుకు ఇచ్చేముందు బండి ఎలా ఉందో, మీటర్ రీడింగ్‌తో సహా రాసిపెట్టుకోండి. రసీదులో ఆయిలు రకం పూర్తిగా రాయించండి, మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. డబ్బిచ్చే ముందు మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పండి, ఎక్కుడు, దిగుడు, రివర్సు అన్నీ చూడండి. తేడా కనపడితే బండి ఆపి, ముందు అదే మెకానిక్‌కు చూపించండి. ఇంకొకరు విప్పేశాక ఎవరి చేతిలో ఏం జరిగిందో తేల్చడం కష్టం.

పట్నంలో ఆటోమేటిక్ కార్లు కొన్న పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో గేరు ద్రవం రకం మారితే, కొలత కాస్త తేడా వస్తే, కుదుపులు, ఆలస్యంగా గేరు పడటం మొదలవుతాయి. చాలా బండ్లలో ద్రవం ఫలానా వేడి దగ్గర ఉన్నప్పుడే కొలత చూడాలి. కొన్నిటిలో రిపేరు తర్వాత కంప్యూటర్‌కు గేర్ల అమరిక మళ్లీ నేర్పించాలి. కుదుపు కనపడగానే "కొత్తలో అంతే" అనుకోకుండా, ఏ ద్రవం ఎంత పోశారో అడగండి.

అడిగినా పట్టించుకోని చోట దారి మూసుకుపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రిపేరు పనిలో లోపం కూడా ఫిర్యాదుకు అర్హమే. 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు పెట్టొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. దానికీ మొదట కావాల్సింది రసీదే.

వచ్చే ఆదివారం నుంచి బండి ఎప్పటిలాగే ఏడున్నరకు మొదటి ట్రిప్పు, ఎనిమిదిన్నరకు రెండో ట్రిప్పు వస్తుంది. నంద్యాల డయాలసిస్ ట్రిప్పులు మొన్నటి నుంచి మొదలయ్యాయి. మొదటి రోజు భాయ్ తానే వచ్చి ముందు సీట్లో కూర్చుని ఘాట్ దాటేదాకా గేర్లు చూసుకున్నాడు. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్లేవాళ్లు ఆగి ఆయనను పలకరించండి. ఊళ్లో పడిన మాట ఇంకా అక్కడక్కడా తిరుగుతోందని విన్నాం. ఎక్కడ వినపడితే అక్కడ, ఇందులో రాసిందంతా రాసినట్టు చెప్పండి.